పురుగుకు విగ్రహం పెట్టిన ఊరు

ప్రశ్న: అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఎంటర్‌ప్రైజ్ ఊరి నడిబొడ్డున ఒక స్త్రీ విగ్రహం, ఎత్తిన చేతుల్లో పత్తిని తినే ముక్కుపురుగు! మాది గుంటూరు జిల్లా. పత్తి పురుగు పేరెత్తితే మా నాన్న తిట్లు లంకించుకునేవారు. వీళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారేమిటి?

జవాబు: నేనుండేది ఆ పక్క ఊళ్లోనేనండి. 1915లో ఆ పురుగు వచ్చి పత్తిని ఊడ్చేసింది. అప్పులపాలైన రైతులు వేరుశనగకు మళ్లారు. రెండేళ్లకే ఈ ఊరున్న కాఫీ కౌంటీ (మన జిల్లా లాంటిది) వేరుశనగ దిగుబడిలో దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. ఆ కృతజ్ఞతతో 1919 డిసెంబర్ 11న విగ్రహం ఆవిష్కరించారు. తమాషా ఏమిటంటే, పురుగును చేర్చింది 1949లో! అంతకుముందు ఆమె చేతుల్లో ఫౌంటెన్ ఉండేది.

మరో జవాబు: 1998లో దుండగులు ఆ విగ్రహాన్ని పాడుచేశారు. అసలుది మ్యూజియంలో ఉంది.

ప్రశ్న అడిగినవారు: అంటే నేను ఫొటో దిగింది నకలుతోనా! నాన్నకు చెప్పను.