బ్రాడ్‌వే మొత్తం ఒకే రోజులో నడవాలంటే?

ప్రశ్న: న్యూయార్క్‌లో మన్‌హాటన్ దీవి చివరి నుంచి చివరికి బ్రాడ్‌వే అనే వీధి మీదే నడవాలి. ఎటు నుంచి మొదలుపెట్టాలి? దారి ఎక్కడ తప్పుతుంది?

జవాబు 1: ఉత్తరం నుంచి దిగండి. 'A' అనే సబ్‌వే (భూగర్భ) రైల్లో వెళ్లి ఇన్‌వుడ్ 207వ వీధి స్టేషన్‌లో దిగితే బ్రాడ్‌వే పక్కనే. దాదాపు 20 కిలోమీటర్లు. ఆగకుండా 5 గంటలు, తిండికీ విశ్రాంతికీ ఇంకో 3 కలుపుకోండి. పైభాగమంతా డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాళ్ల పేట, స్పానిష్ బోర్డులే. 116వ వీధి దగ్గర కొలంబియా యూనివర్సిటీ. తొందరపడి సబ్‌వే ఎక్కి పైభాగాన్ని వదిలేయకండి, అసలు అందం అక్కడే ఉంది.

జవాబు 2: అందరూ తప్పేది యూనియన్ స్క్వేర్‌లోనండి. 17వ వీధి దాటాక పార్కుకు పడమటి అంచున దిగి, 14వ వీధిలో ఎడమకు తిరగాలి. పార్కు తూర్పు మూల నుంచి బ్రాడ్‌వే మళ్లీ మొదలవుతుంది. నేరుగా పోతే యూనివర్సిటీ ప్లేస్ అనే వేరే వీధిలో పడతారు.

జవాబు 3: అలసిపోతే 1వ నంబరు రైలు ఉంది. 168 నుంచి 59వ వీధి దాకా అది బ్రాడ్‌వే వెంటే నడుస్తుంది. 125 దగ్గర మాత్రం స్టేషన్ వంతెన మీద ఉంటుంది, ఎందుకంటే అక్కడ నేల లోయలా దిగిపోతుంది. టైమ్స్ స్క్వేర్‌లో 42–47 వీధుల మధ్య బ్రాడ్‌వే మీద 2009 నుంచి కార్లు లేవు, అయినా జనంతో నడక నెమ్మదిస్తుంది.