‘నేడే కొనండి’: ఈ ‘నేడే’ ప్రకటనల్ని ఎందుకు వదలదు?

ప్రశ్న: మాట్లాడేటప్పుడు ‘నేడు’ అనేవాళ్లు లేరు. ఇవాళ, ఇయ్యాల, ఈ పొద్దు అంటాం. టీవీ ప్రకటన చివర మాత్రం ‘నేడే కొనండి’ అని వస్తుంది. రాసేవాళ్ల బద్ధకమేనా?

జవాబు: బద్ధకం కొంత ఉంది, కాదనను. కానీ గట్టి కారణాలూ ఉన్నాయండి. మీరు చెప్పిన మూడు మాటలకూ యాస తగులుతుంది. ప్రకటనేమో అన్ని జిల్లాలకూ ఒకటే. ‘నేడు’ ఎవరింటి మాటా కాదు కాబట్టి ఎవరూ గొడవపడరు.

అసలు సంగతి కొలతలో ఉంది. నింపాదిగా చదివితే సెకనుకు ఐదారు అక్షరాలు పడతాయి. 30 సెకన్ల ప్రకటనలో చివరి ప్యాక్‌షాట్‌కి, అంటే సరుకుని దగ్గరగా చూపించే ముక్కకి, దక్కేది మూడు నాలుగు సెకన్లు. బ్రాండ్ పేరు, ట్యాగ్‌లైన్, ఈ పిలుపు అన్నీ అందులోనే ఇరకాలి. ‘నేడే’ రెండక్షరాలు, నాలుగు మాత్రలు. ‘ఈ రోజే’ మూడక్షరాలు, ఆరు మాత్రలు. పైగా ‘నేడే’లో రెండూ గురువులే, గొంతు ఆనుకోవడానికి చోటుంటుంది. ఆ చివరి ఏకారం తీసేసి ‘నేడు కొనండి’ అని చూడండి, సర్క్యులర్ చదివినట్టుంటుంది.

మరో సభ్యులు: డబ్బింగ్ సంగతి కూడా చేర్చాలి. హిందీలో తీసి తెలుగు గొంతు అతికించే ప్రకటనలు బోలెడు. ‘ఆజ్ హీ’ అన్నప్పుడు పెదవులు కలవవు, గుండ్రంగానూ తిరగవు. ‘నేడే’ కూడా అంతే, అక్షరాలూ రెండే. ‘ఈ రోజే’ పెడితే ‘రో’ దగ్గర దొరికిపోతాం. ‘ఇవాళే’లో ‘వా’కి కింది పెదవి కదులుతుంది. క్లోజప్‌లో పెదవులు కలిసే ప, బ, మలు తప్పినప్పుడు చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా తేడా కొడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. గొంతు బొమ్మకన్నా ముందుకు జరిగితే ఆ ఒకటి రెండు ఫ్రేములకే పట్టుబడుతుంది. వెనకబడితే కొంచెం ఎక్కువే ఓర్చుకుంటాం.

ఇంకో జవాబు: ఇదంతా కనిపించని వ్యాఖ్యాత గొంతుకి సరే. వంటింట్లో నిలబడ్డ పాత్ర పక్కింటావిడతో ‘నేడే కొనండి’ అంటే మాత్రం ఆ ఇల్లు సెట్టని తెలిసిపోతుంది. అక్కడ ‘ఇవాళే తెచ్చుకోండి వదినా’ అనాలి. పెదవులు కుదరకపోతే ఆ ముక్క వీపు వైపు షాట్ మీదికో, డబ్బా షాట్ మీదికో జరపమని ఎడిటర్ని అడగొచ్చు. మాటని వంకర తిప్పడం కన్నా అదే నయం.

ప్రశ్న: మరి ‘నేడే కొనుగోలు చేయండి’?

జవాబు: అది అనువాదపు జబ్బండి. ‘కొనండి’ మూడక్షరాల్లో అయ్యేదానికి ఏడక్షరాలు. కొనుగోలు టెండర్లకీ ధాన్యానికీ సరిపోతుంది, సబ్బుబిళ్లకి కాదు. ఇంకాస్త చనువు కావాలంటే ‘కొనుక్కోండి’ ఉంది. కొనడం మీ కోసమేనన్న అర్థం ఆ ‘కో’తోనే వచ్చేస్తుంది, వేరే ‘మీ కోసం’ అక్కర్లేదు. ఒక్కటే చూసుకోవాలి: ఆ ద్విత్వం దగ్గర గొంతు ఆగుతుంది కాబట్టి, సంగీతంలో దెబ్బ సరిగ్గా అక్కడే పడితే ‘క్కో’ మునిగిపోయి ‘కొనుండి’లా వినిపిస్తుంది. రికార్డింగప్పుడే రెండు రకాలూ చెప్పించి ఉంచుకుంటే మిక్సింగ్‌లో ఏది నిలిస్తే అది వాడుకోవచ్చు.