ప్రేమ పద్యం రాస్తే వేమన లెక్క ఎందుకుంది?

దేవరకొండ టైలర్:
నా భార్య నల్లగొండలో బీఈడీ చదువుతోంది. శనివారం సాయంత్రం బస్సుకు వస్తుంది. మొన్న బస్టాండులో నిలబడి ఫోన్‌లో ఈ ఆటవెలది రాసుకున్నా:

నీవు వచ్చు బస్సు నిలుచు వేళ కొరకు
వేప చెట్టు కింద వేచియుంటి
కండ్ల నిండ నీవె కాలము గడువదు
మల్లె మూర వాడె రాక నీవు

వినిపిస్తే "వేమన పద్యం లెక్కుంది" అని నవ్వింది. దోస్తేమో ప్రాస లేదన్నాడు. గణాలు (పాదంలో అక్షరాల గుంపులు) నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నా. ఎక్కడ తప్పింది?

పాలమూరు పంతులు:
తమ్మీ, గణాలు సరిగ్గానే ఉన్నాయి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (‘వేప’లా చిన్నవి), రెండు ఇంద్రగణాలు (‘నిలుచు వే’లా కాస్త పెద్దవి). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదాలన్నిట్లో రెండో అక్షరం కలవాలనే ప్రాస నియమమే ఆటవెలదికి లేదు. మీ దోస్తు అడిగింది సినిమా పాటల్లోని అంత్యప్రాస అయ్యుంటుంది. తప్పల్లా నాలుగో పాదంలో. నాలుగో గణం మొదటి అక్షరం మీద యతి పడాలి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కుదరాలి. నీ–ని, వే–వే, కం–కా కుదిరాయి. ‘మ’కు ‘రా’ కుదరదు. "మల్లె మూర వాడె మాట యేది" అంటే సరి.

వేమన సంగతి వేరే. ‘విశ్వదాభిరామ వినురవేమ’ కూడా ఐదు సూర్యగణాలే. నీ రెండో పాదంలో వేప, చెట్టు, కింద అని ఒక్కో మాట ఒక్కో గణంలో సర్దుకుని కూర్చుంది. టకటక నడుస్తుంది, నీతి చెప్పినట్టు. మొదటి పాదంలో చూడు, ‘నిలుచు వే’ ఒక గణం, ‘ళ కొరకు’ ఇంకోటి. ‘వేళ’ మధ్యలో విరిగింది. ఎదురుచూపు నాకు అక్కడే వినిపించింది.

నల్లగొండ అక్క:
"మాట యేది" అంటే ఆమెను నిలదీసినట్టుంది సార్. బస్సు లేటైతే ఆమెదా తప్పు? యతికి బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేస్తే పోదా: "మల్లె మూర వాడె నల్లబడుచు". మాట కూడా గణం దాటుతుంది. ‘కండ్ల నిండ నీవె’ మాత్రం ఎవరైనా అనేదే తమ్ముడూ, అది మార్చు.

పాలమూరు పంతులు:
చెల్లుతుంది తల్లీ. మల్లె, నల్ల: రెండుచోట్లా మొదటిది గురువు (బరువుగా పలికేది), రెండోది ‘ల్ల’. ఉత్పలమాల లాంటి వృత్తాల్లో ఒప్పుకోరు గానీ ఆటవెలదిలో, తేటగీతిలో దర్జాగా వాడొచ్చు.

దేవరకొండ టైలర్:
‘నల్లబడుచు’ పెట్టేశా. ఆ రోజు పూలు జేబులో పెట్టుకున్నా, నిజంగానే నల్లబడ్డాయి. మూడో పాదం మాత్రం మార్చను అక్కా. ఆమె నవ్వకుండా విన్నది అదొక్కటే.