అప్‌డేట్: మూడో స్ట్రైక్ పడ్డా బ్యాటర్ సేఫ్ ఎలా అయ్యాడో తెలిసింది

బేస్‌బాల్‌లో బ్యాటర్ కొట్టలేకపోయిన సరైన బంతి స్ట్రైక్, మామూలుగా మూడు పడితే అవుట్. హన్మకొండ మ్యాచ్‌లో మూడో స్ట్రైక్ పడిన బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు (బ్యాటర్ ముందుగా చేరాల్సిన చోటు) పరుగెత్తితే అంపైర్ సేఫ్, అంటే నాటౌట్ ఇచ్చాడు, అది తప్పు కదా అని పోయిన వారం అడిగాను. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ మా బాబే. ఆ రాత్రి వాడు అన్నం కూడా తినలేదు.

నిన్న తెలిసిన పీఈటీ సార్‌ను కలిశాం. అంపైర్ కరెక్టే. మూడో స్ట్రైక్ బంతి నేలకు తగిలాక పట్టినా, జారవిడిచినా బ్యాటర్ పరుగెత్తొచ్చు. అయితే ఫస్ట్ బేస్‌లో వాళ్ల రన్నర్ ఉండకూడదు, లేదా అప్పటికే రెండు అవుట్లు అయి ఉండాలి. అప్పుడు అవుట్ చేయాలంటే అతన్ని బంతితో తాకాలి, లేదంటే అతను చేరేలోపు బంతి ఉన్న ఫీల్డర్ బేస్ తొక్కాలి. మావాడు అవుటే అనుకుని బంతి పట్టుకుని నిలబడిపోయాడు.

కొందరు చెప్పిన ఫౌల్ రూల్‌కు (బ్యాట్‌కు తగిలి గీతల బయటికి పోయే బంతి గురించి) దీనితో సంబంధం లేదు, బంతి బ్యాట్‌కు తగల్లేదు. ‘బంతి నేలకు తగిలిందేమో చూడండి’ అన్నవారికి చాలా థ్యాంక్స్, అదే జరిగింది. పొద్దున ప్రాక్టీస్‌లో బంతి జారగానే వాడు ఫస్ట్ బేస్‌కు విసిరాడు.