మునిగే కర్ర, అయస్కాంతానికి అంటని స్టీలు: మూడో తరగతిలోనే చెప్పాలా?

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని:
పరిసరాల విజ్ఞానంలో పదార్థాల ధర్మాలు చెప్పే విషయమై మా బడిలో వచ్చిన భేదాభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ‘ఇనుము మునుగుతుంది, కర్ర తేలుతుంది, ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది, ప్లాస్టిక్ అంటుకోదు’ అని పట్టిక గీసి రాయించాలని, మినహాయింపులను పై తరగతులకు వదిలేయాలని నా తోటి ఉపాధ్యాయుని వాదన. మధ్యాహ్న భోజనం పళ్ళెం పట్టుకొచ్చి, ఇది అయస్కాంతానికి ఎందుకు అంటడం లేదని పిల్లలే అడుగుతున్నప్పుడు ఆ ప్రశ్నను దాటవేయడం సరికాదని నా అభిప్రాయం.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు:
టీచరు గారూ, నాది మీ పక్షమే. అయితే వీటిని మినహాయింపులు అనడానికి నా మనసొప్పదు. ‘కర్ర తేలుతుంది’ అన్న వాక్యమే అసంపూర్ణం. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చాలా తేలికైన కర్ర. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం చేవను నీళ్ళలో వేస్తే అడుగుకు పోతుంది. పోనీ ఇటుక మునుగుతుందని రాయిద్దామా అంటే, 1213 నాటి శాసనమున్న పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు, లోపలంతా సన్నని రంధ్రాలుండడం వల్ల, నీటిపై తేలతాయి. ఇనుప మేకు మునుగుతుంది, ఇనుప బాణలి తేలుతుంది. మేకు, బాణలి వస్తువులు. ఇనుము అవి తయారైన పదార్థం. ఈ రెంటినీ ఒకే గడిలో కలిపి రాయడం వల్లే పట్టిక తప్పుతోంది.

ఇక మీ పళ్ళెం సంగతి. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపిన స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే అయినా, మామూలు అయస్కాంతం దాన్ని పట్టి లాగదు. నికెల్ కలపని కొన్ని రకాల స్టీలును గట్టిగా పట్టుకుంటుంది. లోపలి పరమాణువుల అమరిక గురించి ఎనిమిదేళ్ళ పిల్లలకు చెప్పనక్కరలేదు. ఇనుములో వేరే లోహాలు కలిపితే దాని గుణం మారవచ్చని చెబితే చాలు, ఆ మాట నిజం కూడాను.

ఏకోపాధ్యాయ పాఠశాల ఉపాధ్యాయుడు:
మాస్టారూ, మీరు చెప్పిన శాస్త్రంలో దోషం లేదు. కానీ ఐదు తరగతులనూ ఒక్కడినే చూసుకునే నాకు, మూడో తరగతికి రోజూ దొరికే సమయం అతి స్వల్పం. చదవడమే ఇంకా కుదురుకోని పిల్లవాడికి ముందు పట్టుకోవడానికి ఒక ఆధారం కావాలి. చెప్పిన ప్రతి నియమాన్నీ మరునాడే మనమే కాదంటే, వాడికి మిగిలేది గందరగోళమే. పైగా పరీక్షలో ‘కొన్ని కర్రలు మునుగుతాయి’ అని రాసిన పిల్లకు మార్కు వేస్తారన్న భరోసా ఎవరిస్తారు? తరగతిలో సత్యం చెప్పి, దానికి పరీక్షలో పిల్లలు నష్టపోయేలా చేయడం న్యాయమని నేననుకోను.

ఇంగ్లండులో ఉంటున్న ఒక తల్లి:
ఇక్కడ 2014 నుంచి అమల్లో ఉన్న జాతీయ పాఠ్యప్రణాళికలో ఐదారేళ్ళ పిల్లలకే వస్తువు వేరు, అది తయారైన పదార్థం వేరు అని గుర్తించడం నేర్పుతారు. ఆ తరువాతి ఏడాది ఏ పనికి ఏ పదార్థం తగినదో పోల్చి చూడమంటారు. వానలో పుస్తకాల సంచిని దేనితో కప్పాలి అన్న ప్రశ్న మన ఊళ్ళలోనూ పనికొస్తుంది. గుడ్డ, కాగితం, ప్లాస్టిక్ కవరు మీద నీళ్ళు చల్లి చూస్తే సరిపోతుంది, బల్ల మీద పట్టిక గీసే పనే లేదు.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని:
అన్నయ్య గారూ, సమయం గురించి మీరన్నది కాదనలేని మాట. అయినా పిల్లలకు ఆధారం కావాలంటే అది తప్పు నియమమే కానక్కరలేదు. ‘మేకు మునిగింది, బాణలి తేలింది’ అని తాము కళ్ళారా చూసినదాన్ని రాసుకుంటే, మరునాడు మనం కాదనవలసిన అవసరమే రాదు. ఒక బకెట్టు నీళ్ళు, రెండు మేకులు, వంటగది నుంచి ఒక బాణలి ఉంటే ఐదు తరగతులనూ ఒకేసారి కూర్చోబెట్టి చూపవచ్చు. పెద్దపిల్లలు కారణం ఆలోచిస్తారు, చిన్నవాళ్ళు చూసింది చెబుతారు. ఎర్రచందనం మనం తెచ్చేది కాదు కాబట్టి, కాళ్ళు రుద్దుకునే నురగరాయిని నీళ్ళలో వేసి రాయి కూడా తేలుతుందని చూపుదామనుకుంటున్నాను.

పరీక్ష విషయంలో మాత్రం మీ ఆందోళనే నాదీ. ‘కర్ర తేలుతుందా, మునుగుతుందా’ అన్న ప్రశ్నను ‘నువ్వు నీళ్ళలో వేసి చూసిన వస్తువుల్లో ఏవి తేలాయి?’ అని మార్చమని మా మండలంలో ప్రశ్నపత్రం తయారుచేసేవారికి రాతపూర్వకంగా కోరబోతున్నాను. మీ మండలం నుంచి మీరూ రాయగలరా?