సత్యం సుందరం చూసి వచ్చిన కన్నీళ్లు నిజమైనవేనా, పిండినవా?

కృష్ణాతీరం:
నాకు 46 ఏళ్లు. మా నాన్న పోయినప్పుడు కూడా పదిమందిలో కంట తడి పెట్టలేదు. అలాంటివాణ్ని నిన్న రాత్రి సత్యం సుందరం సినిమా చూస్తూ ఆగలేకపోయాను. చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. 1996లో ఆస్తి తగాదాల్లో సొంత ఇల్లు పోగొట్టుకుని ఒక కుటుంబం ఊరు విడిచిపోతుంది. ఆ ఇంటి కుర్రవాడు సత్యం (అరవింద్ స్వామి) ఇరవై ఏళ్లు దాటాక, చెల్లెలి వరుస అయ్యే భువన పెళ్లికి వస్తాడు. ముఖం చూపించి వెళ్లిపోదామనే వస్తాడు. అక్కడ ఒకడు (కార్తి) ‘బావా’ అంటూ అల్లుకుపోతాడు, ఆ రాత్రికి తన ఇంటికి తీసుకెళ్తాడు. అతని పేరేమిటో సత్యానికి గుర్తు రాదు. అడగడానికి ముఖం చెల్లదు.

నన్ను కదిలించింది వేదిక మీద భువన కాళ్లకు సత్యం పట్టీలు పెట్టే ఘట్టం. మా చెల్లి పెళ్లిలో అప్పగింతల వేళ నేను పందిరి వెనక వంటవాళ్ల డబ్బు లెక్కపెడుతూ నిలబడ్డాను. లెక్క అప్పటికే రెండుసార్లు సరిపోయింది. అయినా కదల్లేదు. పట్టీల దృశ్యంలో నాకు ఆ నోట్ల కట్టే కనిపించింది.

‘అంత మంచివాడు లోకంలో ఉండడు, నిన్ను సంగీతంతో ఏడిపించారు’ అంటున్నాడు నా స్నేహితుడు. మీరేమంటారు?

మధ్యాహ్నం ఆట:
మీ స్నేహితుడితో ఏకీభవిస్తున్నాను. సుందరానికి (అదే, కార్తి పాత్రకు) కోపం లేదు, స్వార్థం లేదు, అలసట కూడా లేదు. మాట తడబడే ప్రతిచోటా గోవింద్ వసంత సంగీతం వచ్చి ఆదుకుంటుంది. దర్శకుడు ప్రేమ్ కుమార్‌కు పాత జ్ఞాపకాలను మీటడం 2018లో ‘96’ అనే సినిమా తీసిననాటి నుంచే బాగా తెలుసు.

అసలు అభ్యంతరం అది కాదు. ఇల్లు లాక్కున్న బంధువుల సంగతి ఏమైంది? మా ఇంట్లో అలాంటి తగాదా పదకొండేళ్లు నడిచింది. మా అమ్మ ఇప్పటికీ ఆ వీధి గుండా వెళ్లదు. ఒక రాత్రి ప్రేమగా భోజనం పెడితే ఆ గాయం మానిపోతుందని చూపిస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

సుద్దముక్క:
నేను రిటైరైన టీచరును. సుందరం మంచితనానికి కారణం లేదనడం సరికాదు. ఊరు విడిచేటప్పుడు సత్యం వదిలేసిన సైకిలు సుందరం ఇంటికి ఆధారమైంది. కుటుంబం నిలదొక్కుకున్నది దానితోనే. అది సత్యం చేసిన దానం కాదు, తీసుకువెళ్లలేక వదిలేసిన వస్తువు. ఇచ్చినట్టు తనకే తెలియని దానికి ఎదుటివాడు ఇన్నేళ్లుగా కృతజ్ఞతతో ఉన్నాడు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

కొన్నేళ్ల క్రితం ఖమ్మం బస్టాండులో ఒకాయన నా కాళ్లకు దండం పెట్టాడు. తల సగం నెరిసింది. ‘పదో తరగతి లెక్కల పరీక్ష రోజు మీ టిఫిన్ డబ్బా నాకిచ్చారు టీచర్, పులిహోర’ అన్నాడు. డబ్బా రంగు కూడా చెప్పాడు. నాకు ఏమీ గుర్తు రాలేదు. ‘బాగున్నావా నాన్నా’ అని నాన్చుతూ నిలబడ్డాను. బస్సు వస్తే ఎక్కేశాను. ఆ అబ్బాయి పేరు నాకు ఈనాటికీ తెలియదు. అందుకే సత్యం చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రే సుందరం ఇంట్లోంచి వెళ్లిపోతుంటే నాకు ఊపిరాడలేదు. ప్రేమ చూపించడం కన్నా, అర్హత లేదనుకుంటూ దాన్ని అందుకోవడమే కష్టం. సినిమా సుందరం మంచితనం గురించి కాదు, సత్యం సిగ్గు గురించి.

పొలంగట్టు:
దీని తమిళ మాతృక ‘మెయ్యళగన్’ విడుదలైన కొద్ది రోజులకే, నిడివి ఎక్కువైందని 18 నిమిషాలు కత్తిరించారు. నాకు మాత్రం ఆ నిదానమే కావాలి. రాత్రంతా ఇద్దరు మగవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం మన తెరమీద ఎంత అరుదు!

మధ్యాహ్నం ఆట:
సుద్దముక్క గారూ, సత్యం సిగ్గు గురించి మీరు రాసినది చదివాక ఆ పరుగు నాకు వేరుగా కనిపిస్తోంది. అక్కడ సంగీతం పని లేదు, ఒప్పుకుంటున్నాను. ఇంటి విషయంలో మాత్రం నా మాట మారదు. మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఈ సినిమా చూడలేను.

కృష్ణాతీరం:
మీ అమ్మగారి బాధ ముందు నా వాదన నిలబడదు, దాని జోలికి వెళ్లను. కానీ పిండిన కన్నీళ్లయితే తెల్లారేసరికి ఆరిపోవాలి కదా. ఇవాళ పొద్దున చెల్లికి ఫోను చేశాను. అప్పగింతలప్పుడు ఎక్కడున్నానో, ఎందుకున్నానో ఇన్నేళ్లకు చెప్పాను. కాసేపు అవతల మాట లేదు. తరువాత, ‘తెలుసు అన్నయ్యా. కారెక్కుతూ పందిరి సందులోంచి చూశాను. నీ చేతిలో నోట్లు వణుకుతున్నాయి’ అంది.