బోర్డో మందు పుట్టిన ద్రాక్షతోట గురించి ఎవరైనా చెప్పగలరా?

పొదలకూరు నిమ్మతోట:
మాది పొదలకూరు దగ్గర నిమ్మతోట. గజ్జి తెగులుకు ఏటా మైలతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం), సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొడతాము. బంక కారే చెట్ల మొదళ్లకు బోర్డో పేస్టు పూస్తాము. ఈ మందు ఫ్రాన్స్‌లో ఒక పాత వైన్ ఎస్టేట్‌లో పుట్టిందని రైతుల సమావేశంలో విన్నాను. ఆ ఎస్టేట్ ఏది, ఇంకా ఉందా? అక్కడ ఎర్ర వైన్ ఎలా చేస్తారు? నాకు తాగే అలవాటు లేదు. ఆ తోట సంగతి తెలుసుకోవాలని ఆశ, అంతే.

రాపూరు పెద్దాయన (విశ్రాంత ఉద్యాన అధికారి):
ఉంది బాబూ, బాగానే ఉంది. పేరు షాటో డ్యుక్రు-బోకాయూ. బోర్డో నగరానికి ఉత్తరాన, జిరోండ్ నది ఒడ్డున, మెదొక్ ప్రాంతంలోని సాన్-జూలియన్ ఊళ్లో ఉంది. 1855లో అక్కడి ఎర్ర వైన్లను అయిదు తరగతులుగా విడదీసినప్పుడు దీనికి రెండో తరగతి దక్కింది. 1941 నుంచి బోరీ కుటుంబం చేతిలో ఉంది.

మందు కథ చెబుతాను. 1860ల్లో అమెరికా నుంచి ఫిలోక్సెరా అనే పురుగు వచ్చి ఫ్రాన్స్ ద్రాక్ష వేళ్లను తినేసింది. దాన్ని తట్టుకునే అమెరికా తీగలు తెప్పించి, మనం బత్తాయిని జంబేరి నిమ్మ మీద అంటు కట్టినట్టే, వాటి మీద తమ రకాలను అంటు కట్టారు. ఆ అమెరికా తీగలతో పాటు బూజు తెగులు దిగింది. 1878లో ఫ్రాన్స్‌లో దాన్ని గుర్తించారు. ఆకంతా రాలిపోతే కాయ ఎలా పండుతుంది?

1882 అక్టోబరులో మిలార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు సాన్-జూలియన్‌లో నడిచి వెళుతున్నాడు. తోటలన్నీ ఆకు రాల్చి మోడుగా ఉంటే, దారి పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆకుల మీద నీలిపూత. అడిగితే తెలిసింది: దారిన పోయేవాళ్లు పండ్లు కోయకుండా మైలతుత్తం, సున్నం చల్లారట! అప్పట్లో బోకాయూ, దోజాక్ ఎస్టేట్లు రెండూ నతానియెల్ జాన్‌స్టన్ అనే యజమానివి. వాటిని చూసుకునే ఎర్నెస్ట్ దావిద్‌తో కలిసి మిలార్డే ప్రయోగాలు చేసి, 1885లో ఫలితాలు ప్రకటించాడు. ఎంతమంది ఆ దారిన నడిచి ఉంటారు! ఆగి అడిగినవాడు ఆయన. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు కుర్ర అధికారులకు నేను మొదట చెప్పింది ఈ కథే.

టంగుటూరు రైతు:
పెద్దాయనా, నమస్కారం. పొగాకు పండించేవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. వాళ్లకూ గ్రేడింగ్ ఉంటుందా, పండినదంతా ఒకే సీసాలోకి పోతుందా?

ఒంగోలు వాసి:
మద్యం గురించి ఇంత చర్చ అవసరమా? ఇక్కడ తాగుడుతో పాడైన కుటుంబాలు తక్కువ ఉన్నాయా?

రాపూరు పెద్దాయన:
ఒంగోలు మిత్రమా, మీ బాధ నాకు తెలుసు. తాగమని ఎవరికీ చెప్పను. పంట గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను.

టంగుటూరు తమ్ముడు అడిగినదే అసలు విషయం. అక్కడి ప్రధాన రకం కాబర్నే సోవిన్యాన్, తర్వాత మెర్లో. కాబర్నే ఆలస్యంగా పండుతుంది. నేలంతా నది తెచ్చి పోసిన గులకరాళ్లు. నీరు నిలవదు, పగటి వేడిని రాళ్లు పట్టి ఉంచుతాయి. అందుకే అక్కడ ఆ రకం కుదిరింది. ముందు మెర్లో, తర్వాత కాబర్నే చేత్తో కోస్తారు. ఆకు, పుచ్చు ఏరేసి, కాడలు తీసి, ఒక్కో మడి పండును ఒక్కో తొట్టిలో వేస్తారు.

నల్లద్రాక్ష పిండితే వచ్చే రసానికి రంగు ఉండదు. రంగు, వగరు తొక్కలో ఉంటాయి. అందుకే తొక్కలతోనే పులియబెడతారు. ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంటే పుట్టే వాయువు తొక్కలను పైకి తేలుస్తుంది. కింది రసాన్ని పంపుతో తోడి ఆ తొక్కల మీద పోస్తుంటారు. తర్వాత బాక్టీరియా వల్ల పులుపు మెత్తబడుతుంది. అప్పుడు 225 లీటర్ల ఓక్ పీపాల్లోకి, సుమారు ఏడాదిన్నర పాటు. మధ్యలో మడ్డి వదిలేసి తేట మాత్రం వేరే పీపాలోకి మారుస్తారు.

ఇక గ్రేడింగ్. ఏ తొట్టి ఎలా వచ్చిందో రుచి చూసి, మేలైనవి మాత్రమే కలిపి ఎస్టేట్ పేరు పెడతారు. మిగిలినదానికి 1995లో లా క్రువా ద బోకాయూ అని వేరే పేరు పెట్టారు. మంచి పేరు కింద నాసిరకం కలపకపోవడం నాకు నచ్చే సంగతి.

పొదలకూరు నిమ్మతోట:
చాలా సంతోషం పెద్దాయనా. నేను కలిపేది సరిగ్గా ఉందో లేదో చెప్పండి. కిలో మైలతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు.

రాపూరు పెద్దాయన:
పాళ్లు సరే. రెండూ వేర్వేరుగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి, సున్నపు నీళ్లలోకి మైలతుత్తం నీళ్లు పోయాలి. ఇనుప పాత్ర వద్దు. మెరిసే కత్తి ముంచి చూడు, ఎర్రగా రాగి పూత పడితే ఇంకా సున్నం కావాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

ఇంకో మాట. రాగి నేలలో కుళ్లిపోదు, పేరుకుంటుంది. బోర్డో నేలలు ఆ బరువు ఇంకా మోస్తున్నాయి. యూరప్‌లో ఇప్పుడు హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించి వాడకూడదని నియమం పెట్టారు. కాబట్టి అవసరం లేనిదే కొట్టవద్దు. ఈసారి మట్టి పరీక్షకు ఇచ్చేటప్పుడు రాగి కూడా చూడమని చెప్పు.